ముందు బంతి కోసం త్రిశూర్ దాకా

కేరళ వెళ్లొచ్చానంటే పడవ ఎక్కావా, సముద్రం చూశావా అని అడుగుతున్నారు. రెండూ లేవు. మేం నలుగురం సికింద్రాబాద్‌లో రైలెక్కాం, త్రిశూర్‌లో దిగాం, ఒక పెళ్లి చూశాం, భోంచేశాం. దానికే ఇంత హడావిడా అంటే, హడావిడే మరి. ఆ భోజనం కథ ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతోంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబులో నేను రిసెప్షనిస్టును. పెళ్లికూతురు బిందు మా ల్యాబు టెక్నీషియన్, త్రిశూర్ దగ్గరి పిల్ల. హాస్టల్లో ఉంటూ ఆరేళ్లు మాతో పనిచేసింది. పెళ్లి కుదరగానే మొదటి శుభలేఖ మాలో ఎవరికీ ఇవ్వలేదు, మా డాక్టరుగారికీ ఇవ్వలేదు. ల్యాబు ఎదురుగా కర్రీ పాయింటు నడిపే సత్తెక్కకు ఇచ్చింది. ఆరేళ్లు ఆ పిల్ల కడుపు నింపింది ఆమే కదా.

సత్తెక్క నాకు స్నేహితురాలు. మల్కాజ్‌గిరిలో మా పక్క వాటాలోనే ఉంటుంది. పొద్దున్న ఇద్దరం ఒకే బస్సులో వస్తాం. ఆమె ఒళ్లో కూరగాయల సంచి, నా ఒళ్లో ఆమె రెండో సంచి.

ప్రయాణం ఏర్పాట్లు నెత్తికెత్తుకున్నది నేనే. ఎవరూ అప్పగించలేదు. నలుగురం టీకి బయల్దేరినా ముందు నడుస్తూ రండి రండి అని చెయ్యూపేది నేనే, అదో గుణం. వాట్సాప్‌లో గ్రూపు పెట్టాను, టికెట్లు తీశాను, మూడు పూటలా జాగ్రత్తలు పంపాను. వస్తామని చేతులెత్తినవాళ్లు ల్యాబులో సగం మంది. రైలెక్కే నాటికి మిగిలింది నేను, సత్తెక్క, అకౌంట్స్ చూసే సుబ్బారావుగారు, లాలాగూడ నుంచి వచ్చే చిన్న టెక్నీషియన్ కవిత. మిగతావాళ్లు గ్రూపులో బొటనవేలు బొమ్మలు పెట్టి ఊరుకున్నారు.

సికింద్రాబాద్

స్టేషన్ అంతా కొత్తగా కడుతున్నారు కదా, ఏ గేటు తెరిచి ఉంటుందో ఏది మూసి ఉంటుందో రోజూ వెళ్లేవాళ్లకే తెలియడం లేదు. అందుకని అందరినీ ఒకటో నంబరు ప్లాట్‌ఫాం దగ్గరికి రమ్మన్నాను. సుబ్బారావుగారు నాకంటే ముందే వచ్చి పేపరు చదువుకుంటున్నారు. కవిత వచ్చింది. సత్తెక్క జాడ లేదు. ఫోన్ చేశాను.

"సత్తెక్కా, యాడున్నవ్?"

"ఈడనే ఉన్న."

"ఈడనే అంటే యాడ?"

"టేషన్లనే ఉన్ననే. నువ్వేమో కనవడుతలేవు."

తీరా చూస్తే ఆటోవాడు ఆమెను భోయిగూడ వైపు దింపాడు. అంటే పదో నంబరు ప్లాట్‌ఫాం. వంతెన మీద నుంచి ఆయాసపడుతూ దిగింది. ఒక చేతిలో బట్టల సంచి చిన్నది, రెండో చేతిలో చంటిపిల్లాడంత బరువున్న ఇంకో సంచి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆలస్యానికి కాదు, ఆ సంచికి.

"నాలుగు దినాలు గరిటె ముట్టొద్దని చెప్పిన్నా లేదా? ఏందిది?"

"ఇది వంట కాదే. తొవ్వకు."

తొవ్వకు, అంటే దారిలో తినడానికి, సర్వపిండి ఒక డబ్బా, పులిహోర ఒక డబ్బా, టమాట తొక్కు, పల్లీల పొడి, పెరుగన్నం. తెల్లారకముందే లేచి చేసిందట. సుబ్బారావుగారు పేపరు మడిచి, "రమగారూ, తిట్టేది ఏదో పులిహోర తిన్నాక తిట్టండి" అన్నారు.

నల్గొండ దాటాక

మా నాలుగు బెర్తులు రెండు చోట్ల పడ్డాయి. సుబ్బారావుగారికి మోకాళ్ల నొప్పి, పైకి ఎక్కలేరు. మన రైళ్లలో ఇదొక ఆచారం. బండి కదలగానే ఎవరి సీట్లో వాళ్లు కూర్చోరు, ముందు బేరాలు షురూ అవుతాయి. మీరు అటు జరగండి, మా పెద్దాయన ఇటు వస్తారు, వాళ్ల పాప కిటికీ దగ్గర కూర్చుంటుంది. నేను అందులో ఆరితేరినదాన్ని. నల్గొండ దాటేసరికి నలుగురినీ ఒకే చోటికి చేర్చాను.

ఎదుటి సీట్లో లీలా టీచరని ఒక పెద్దావిడ. పాలక్కాడ్ మనిషి, సికింద్రాబాద్ బళ్లో లెక్కలు చెప్పి రిటైరైంది. తెలుగు మన మాదిరే మాట్లాడుతుంది. చెల్లెలింటికి వెళ్తూ ఉస్మానియా బిస్కెట్లు, ఒక బరువైన చింతపండు ముద్ద తీసుకెళ్తోంది. "మా దిక్కు పచ్చిపులుసు ఎవరికీ తెల్వదమ్మా, నేనే చేసుకోవాలె" అంది. సర్వపిండి ముక్క నోట్లో పెట్టుకుని, అది నమలకముందే ఇంకోటి అందుకుంది. తర్వాత సత్తెక్కను చూసి, "నీకెవరు చేసి పెడ్తరు?" అని అడిగింది.

సత్తెక్క నవ్వింది. అప్పుడు చెప్పింది, అంతకుముందు నాకు కూడా ఎప్పుడూ చెప్పని మాట.

"నాకెవరు పెడ్తరు టీచరమ్మా. ఇన్నేండ్ల సంది నేను వండిందే నేను తింటున్న. అది సుత షాపు బంద్ చేసినంక, గిన్నెల అడుగుకు మిగిలింది. మావోళ్ల పెండ్లిళ్లకు పోతే, సత్తెమ్మ వచ్చింది ఇగ ఫికర్ లేదని గరిటె చేతుల వెడ్తరు. ఈ బిందు పెండ్లిల మాత్రం ముందు బంతిల కూసుంట. ఎవరో వండింది, ఎవరో వడ్డిస్తే, వేడివేడిగ తింట. గందుకే వస్తున్న. పిల్ల ఫొటోలు ఫోన్ల సుత సూడొచ్చు."

కవిత చప్పట్లు కొట్టింది. నేను మాత్రం గట్టిగా మాటిచ్చాను. "ముందు బంతి నాది జిమ్మేదారీ. నిన్ను కూసోబెట్టి తినిపించకుంటే నా పేరు రమ కాదు."

మాటివ్వడం నాకు తేలిక. నా పేరు చాలాసార్లు మారాల్సింది.

గుంటూరు

గుంటూరులో సుబ్బారావుగారి చెల్లెలు అయిదు గిన్నెల క్యారేజీతో ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంది. బండి ఆగీ ఆగకముందే తలుపులోంచి అందించింది. "అన్నయ్యా, గోంగూర పప్పు, దోసకాయ పచ్చడి, వంకాయ కారం పెట్టిన కూర. నెయ్యి సీసా విడిగా ఉంది, ఒంచేయకు. అందరికీ సరిపోతుందిలే, మొహమాటపడకండమ్మా!" బండి కదిలినా వెంట నడుస్తూ చెబుతూనే ఉంది. అన్నయ్య క్షేమసమాచారాలు అడగనే లేదు. కూరల వివరాలే అయ్యాయి.

ఇంకేం, వేరేవాళ్లు వండింది వచ్చింది కదా అని సత్తెక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. మూతలు తీసే లోపలే ఆమె లేచింది. కాగితం ప్లేట్లు పరిచింది, ఒక్కొక్కరికీ వడ్డించింది. లీలా టీచరుకు పెట్టింది. పక్క వరసలో బిస్కెట్లు తింటున్న ఇద్దరు కాలేజీ పిల్లలకు పెట్టింది. "ఆకలితోని ఉన్నట్టున్నరు, పాపం" అని నెయ్యి కూడా పోసింది. ఆఖరికి క్యారేజీలో పచ్చడి మిగిలింది. పెరుగన్నంలో దాన్ని నంజుకుని తింటూ, "దోసకాయ మంచిగున్నది, ఇంగువ ఎక్కువేసిండ్రు" అంది. అన్నం తనదే మళ్లీ.

"నిన్ను కట్టేయాలె" అన్నాను. నిజంగానే కోపం వచ్చింది.

"చెయ్యి ఊకుంటలేదే. నేనేం జెయ్యాలె?"

పాలక్కాడ్

తెల్లవారి లేచేసరికి తమిళ మాటలు, ఇంకో రెండు గంటలకు మలయాళం. కోయంబత్తూర్ దాకా నేల మన నేలలాగానే ఎండి ఉంది. కొండల మధ్య సందులోంచి బండి అవతలికి దూరిందో లేదో, ఎవరో నీళ్లు చల్లినట్టు పచ్చదనం. కవిత తలుపు దగ్గరికి వెళ్లి కొబ్బరిచెట్లను వీడియో తీసి తీసి ఫోన్ నింపేసింది.

పాలక్కాడ్‌లో లీలా టీచరు దిగింది. దిగుతూ సత్తెక్క చేతిలో బిస్కెట్ల పొట్లం ఒకటి పెట్టి, "ఇయ్యాల నువ్వు తిను, వాళ్లకు పెట్టకు" అంది. బండి ప్లాట్‌ఫాం దాటేసరికి ఆ పొట్లం కాలేజీ పిల్లల దగ్గరికి వెళ్లింది.

ఇక్కడి స్టేషన్లలో అరటిపండు బజ్జీలు దొరుకుతాయి. పండిన పెద్ద అరటిపండును నిలువుగా కోసి పిండిలో ముంచి వేయిస్తారు. మన మిర్చీ బజ్జీ అలవాటున్న నాలుకకు మొదట వింతగా ఉంటుంది. జత ముప్పై రూపాయలు. సుబ్బారావుగారు ఒకటి కొరికి, "పంచదార కూడా వేశారటండీ ఇందులో?" అని మొహం అదోలా పెట్టి, ఇంకో జత కొన్నారు.

త్రిశూర్

దిగి, లాడ్జిలో సామాను పడేసి, భోజనానికి సందులో ఉన్న చిన్న మెస్సుకు వెళ్లాం. కూర్చోగానే గ్లాసుల్లో గులాబీ రంగు నీళ్లు పెట్టారు, గోరువెచ్చగా. కవిత గ్లాసును వెలుతురులోకి ఎత్తి, మా ల్యాబులో చూసినట్టు చూసింది.

"అక్కా, ఇది శాంపిల్ లెక్కున్నది. నేను తాగ."

ఏదో చెక్క వేసి కాచిన నీళ్లట. ఇక్కడ ఇళ్లలోనూ అవే తాగుతారట. అన్నం లావుగా, గింజకో ఎర్రచార. చారెడు తింటే కడుపు నిండింది. కొబ్బరి లేని కూర లేదు, కారం ఉన్న కూరా లేదు. సుబ్బారావుగారు జేబులోంచి చిన్న సీసా తీశారు. కందిపొడి. పాతికేళ్లుగా ఎక్కడికెళ్లినా అది జేబులో ఉంటుందట. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

సత్తెక్కను గోడవారగా, లేవడానికి వీల్లేకుండా కూర్చోబెట్టాను. అయినా లేచింది. ఆ మెస్సు నడిపేది ఒక్కతే ఆడమనిషి. అటు వండాలి, ఇటు వడ్డించాలి, ఇంకోవైపు డబ్బులు తీసుకోవాలి. జనం ఎక్కువయ్యారు. ఎవరో పులుసు కోసం పిలుస్తున్నారు. భాష తెలియకపోయినా ఆ పిలుపు సత్తెక్కకు తెలుస్తుంది కదా. మేం చూసేసరికి బకెట్టు పట్టుకుని వరసలో తిరుగుతోంది. మెస్సావిడ మొదట బిత్తరపోయి, తర్వాత నవ్వి, ఇంకో బకెట్టు కూడా ఇచ్చింది! ఇద్దరూ చెరో భాషలో అరగంట ముచ్చట పెట్టుకున్నారు. లెక్క దగ్గర మా నలుగురికీ కలిపి మూడు వందల ఇరవై అయితే, ఆవిడ రెండు వందల నలభై చాలంది.

"సత్తెమ్మగారూ, రేపు పెళ్లిలో మాత్రం ఇట్లా చేస్తే నేను ఊరుకోనండీ" అన్నారు సుబ్బారావుగారు.

"రేపు లేవ సార్. ఒట్టు. రేపటి కోసమే వచ్చిన."

ఆమె గొంతులో ఆ ఆశ వింటే నాకు దిగులేసింది. ఇక్కడిదాకా వచ్చి అదీ జరగకపోతే ఎలా?

పెళ్లి మంటపం

ఇక్కడ పెళ్లి ఎంత సేపు జరుగుతుందో చెబితే నమ్మరు. మనకు వరపూజ, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అని అయ్యగారు ఎండ ముదిరేదాకా నడిపిస్తారు. ఇక్కడ మేళం గట్టిగా మోగింది, తాళి కట్టాడు, దండలు మార్చుకున్నారు, పళ్లెంలో చీర పెట్టి ఇచ్చాడు, అయిపోయింది. సుబ్బారావుగారు చెప్పులు విడిచిన చోటు గుర్తు పెట్టుకుని వచ్చేలోగా పెళ్లి ముగిసింది. బిందు తెల్లటి జరీ చీరలో, జడ నిండా మల్లెపూలతో ఎంత బాగుందో. మమ్మల్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. సత్తెక్క ఆమె బుగ్గలు నిమిరి, "జెర ఒళ్లు చేసినవ్, మంచిగున్నవ్" అంది.

ఆ తర్వాత జరిగిన తప్పు మన వైపు వాళ్లు తప్ప ఇంకెవరూ చేయరు.

తాళి కట్టగానే కుర్చీలన్నీ ఖాళీ. ఫొటోల కోసం వెళ్లారేమో అనుకున్నాం. మేం పెద్దమనుషుల్లా ముందు వరసలో కూర్చున్నాం. భోజనానికి పెళ్లివారు వచ్చి పిలవాలి కదా. ఒకరొచ్చి లేవండి అంటారు, పరవాలేదు అవనివ్వండి అంటాం, ఇంకొకరు వచ్చి చెయ్యి పట్టుకుంటారు, అప్పుడు లేస్తాం. పిలవకుండా బంతిలోకి వెళ్తే ఇంట్లో తిండి లేక వచ్చినట్టుండదూ? అందులోనూ ఆడపిల్ల తరఫువాళ్లం, హైదరాబాద్ పరువు మా మీద ఉంది.

బిందు స్టేజీ మీద నుంచి మా వైపు చెయ్యి ఊపింది. మేమూ ఊపాం. ఇంకా గట్టిగా, పక్కనున్న తలుపు వైపు చూపిస్తూ ఊపింది. కవిత రెండు చేతులూ ఊపింది.

"ఇంకా ఎవరూ పిలుస్తలేరేంది?" అంది సత్తెక్క మెల్లగా. పొద్దున్న టీ తప్ప ఆమె ఏమీ తీసుకోలేదు. ముందు బంతి కోసం కడుపు ఖాళీగా ఉంచుకుంది.

"వస్తరు. జెర ఓపిక పట్టు" అన్నాను. మర్యాద తెలిసినదాన్ని కదా.

చివరికి బిందు బాబాయి అటుగా వెళ్తూ ఆగి, "ఊణు కళిచ్చో?" అన్నాడు. భోంచేశారా అని. లేదన్నాం. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. ఇక్కడ ఎవరూ ఎవరినీ పిలవరట. తాళి పడగానే తలుపు దగ్గరికి పరుగెత్తాలి, తెరవగానే దొరికిన కుర్చీలో కూర్చోవాలి. ముందు బంతి, రెండోది, మూడోది అన్నీ అయిపోయాయట. ఇక మిగిలింది వంటవాళ్లు, వడ్డించేవాళ్లు తినే ఆఖరి బంతి.

సత్తెక్క మొహం చూడలేకపోయాను. "పోనీ తియ్యే, గదెంత" అంది. గదెంత కాదని నలుగురికీ తెలుసు.

ఆఖరి బంతి

ఇంకో చిక్కు కూడా ఉంది. తిరుగు రైలు ఆ మధ్యాహ్నమే. పెళ్లి పెందలాడే అయిపోతుంది, తినగానే స్టేషన్‌కు వెళ్లొచ్చని టికెట్లు నేనే తీశాను. సామాను కూడా అద్దె కారులో పెట్టుకునే వచ్చాం. కారు డ్రైవరు సజి అప్పటికే రెండుసార్లు లోపలికి తొంగిచూసి గడియారం చూపించాడు.

బంతిలో వంటవాళ్లు జరిగి మాకు చోటిచ్చారు. ఆకులు వేశారు. ఉప్పు, అరటికాయ చిప్సు, బెల్లం పట్టించిన ముక్కలు, అల్లం పులుసు, అవియల్, తోరన్ అనే కొబ్బరి కూరలు, పేర్లు తెలియనివి ఇంకెన్నో, ఆకు నిండిపోయింది. అప్పుడు అన్నం, పప్పు, నెయ్యి. సత్తెక్క అలవాటుగా సగం లేచి గిన్నె అందుకోబోయింది. పెద్ద వంటాయన, తెల్లమీసాల మనిషి, ఆమె భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కాడు. "ఇరిక్కు" అన్నాడు. కూర్చో అని. కూర్చుంది.

నేను, కవిత, సుబ్బారావుగారు గబగబా నాలుగు ముద్దలు మింగి చేతులు కడిగేసుకున్నాం. ఆమె మాత్రం తింటూనే ఉంది. ఒక్కొక్కటీ వేలితో తీసి, కళ్లు సగం మూసి. అప్పడం పప్పన్నంలో నలిపి కలుపుకుంది. మధ్యలో తలెత్తి, "రమా, ఈ అల్లం పులుసుల బెల్లమున్నదే. మా షాపుల ఎందుకు చెయ్యలే ఇన్నొద్దులు?" అంది. అంత తీరిగ్గా కూర్చుని తింటున్న సత్తెక్కను నేను ఎన్నడూ చూడలేదు. సాంబారు ఇంకా వస్తూనే ఉంది. తర్వాత పాయసాలు మూడట, ఆ తర్వాత మళ్లీ అన్నం, చారు, మజ్జిగ. తీపి తిన్నాక మళ్లీ అన్నమేమిటో నాకు అర్థం కాలేదు.

బయట సజి హారన్ కొట్టాడు. ఇప్పుడు లేస్తే అందుతుంది, ఇంకొంచెం ఆగితే అందదు. ప్రయాణమంతా టైము టైము అని వీళ్ల ప్రాణాలు తోడింది నేను. లేపాల్సింది కూడా నేనే. ఒక్క మాట చెబితే చాలు, ఆకు మడిచి లేస్తుంది. మొహం కూడా మాడ్చుకోదు. ఆ సంగతి తెలిసే నేను లేపలేకపోయాను.

సుబ్బారావుగారి వైపు చూశాను. నెలాఖరు లెక్కలు ఆయన టేబుల్ మీద పెట్టి వచ్చారు. పెళ్లాం పిల్లలు కూడా ఆయన్ను ఆలస్యం చేయలేరని ల్యాబులో పేరు. ఆయన ఆకు వైపు చూశారు, సత్తెక్కను చూశారు. టైము చూస్తున్న ఫోన్‌ను జేబులో వేసుకున్నారు.

"పాయసం ఇంకా రానే లేదు కదండీ" అన్నారు నాతో, చిన్నగా.

కవిత అప్పటికే బయటికి వెళ్లింది. కిటికీలోంచి చూస్తే సజి ఇంజను ఆపి, సీటు వెనక్కి వాల్చుకుంటున్నాడు. ఎలా చెప్పిందో, ఏ భాషలో చెప్పిందో.

నేను వెళ్లి సత్తెక్క పక్కన ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. నా గుండె తేలికైపోయింది, నిజం చెబుతున్నాను. రెండో పాయసం వచ్చింది. తెల్లమీసాలాయన ఆకులోనే పోశాడు. ఆమె అరటిపండు అందులో నలుపుకుంది. చేతి వేళ్లు నాకుతూ ఒక్కసారిగా ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగింది.

"రమా, రైలుకు యాళ్లయితలేదా?"

అప్పటికి మా రైలు త్రిశూర్ స్టేషన్ దాటిపోయి ఉంటుంది.

"మస్తు టైమున్నది సత్తెక్కా. తిను."

"నిజంగనా?" అంది. పెద్ద వంటాయన వైపు తలెత్తి, వేలితో ఆకు చూపించింది. "అయితే ఇంకొంచెం పొయ్యమను."